మా బావ కోమా నుంచి లేచిన రోజు

మా బావ రెండేళ్ళ మూడు నెలలు కోమాలో ఉన్నాడు. ఉదయం తొమ్మిదింటికి కోమాలోకి వెళ్ళేవాడు. ఒంటిగంటకు భోజనానికి లేచేవాడు. రెండింటికి మళ్ళీ వెళ్ళి, ఆరింటికల్లా స్పృహలోకి వచ్చి, మొహం కడుక్కుని బస్సెక్కి ఇంటికి వచ్చేవాడు. ఆదివారం సెలవు.

కంగారు పడకండి, అది టీవీ సీరియల్. కథంతా ఒక పెద్దాసుపత్రిలో జరుగుతుంది. హీరోయిన్ డాక్టరమ్మ, ఆమె తండ్రి మా బావ. మొదటి వారంలోనే ఆయన్ని ఎవరో మెట్ల మీద నుంచి తోసేశారు. తోసిందెవరో చూసినవాడు ఆయనొక్కడే. కాబట్టి ఆయన కళ్ళు తెరిస్తే తప్ప నిజం తెలియదు, ఆయన కళ్ళు తెరిస్తే సీరియల్ ఉండదు. ఈ ఇబ్బందిలోనే ఆరువందల నలభై ఎపిసోడ్లు గడిచిపోయాయి.

ఆయన్ని ఆ మంచం ఎక్కించింది నేనే. ఆ సీరియల్‌కి నేను సౌండ్ రికార్డిస్టుని. డైరెక్టరు ఒకరోజు "గంటలకొద్దీ కదలకుండా పడుకునే మనిషి కావాలయ్యా" అంటే, "ఆ విద్యలో మా బావని కొట్టేవాడు లేడు సార్" అన్నాను. ఈ మాట విని మా అక్క కూడా కాదనలేదు.

అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్ళు బావ గుంపులో మనిషి. పెళ్ళి సీనులో మూడో వరస, కోర్టు సీనులో వెనక బెంచీ, బస్సు సీనులో కిటికీ పక్కన. నాలుగుసార్లు శవం. నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి ఇవన్నీ ఆయనకు బాగానే అతికాయి. ఒక్కసారి మాత్రం "అదిగో!" అనే డైలాగు దొరికింది. ఎడిటింగులో అది ఎగిరిపోయి, వేలు ఒక్కటే మిగిలింది. ఆ వేలు చూడటానికి మేమంతా వెళ్ళాం.

మా అక్క అసలైన ఆసుపత్రిలో నర్సు. ఐసీయూలో ఇరవై రెండేళ్ళ సర్వీసు. రోజంతా అక్కడ చాకిరీ చేసి వచ్చి, సాయంత్రం ఏడింటికి కాళ్ళు చాపుకుని మా సీరియల్ ముందు కూర్చునేది. మొగుడిని చూసుకుని మురిసిపోవడానికి కాదు, మా తప్పులు ఏరడానికి.

"ఆ సెలైన్ సీసా రెండేళ్ళ నుంచీ అలాగే వేలాడుతోంది. అయిపోదా అది? అక్షయపాత్రా?" అనేది. "ఎక్స్‌రే తలకిందులుగా పెట్టి తల ఊపుతున్నాడు చూడు మీ డాక్టరు. స్టెతస్కోపు మెడలోనే ఉంది, గుండె మాత్రం బాలేదని తేల్చేశాడు. అది సరే, ఈయనకి రోజూ నున్నగా గెడ్డం గీస్తున్నదెవర్రా? అంత తీరికున్న నర్సుని నాకొక్కసారి చూపించు, దణ్ణం పెట్టుకుంటాను."

"సీరియల్ అంటే అంతే అక్కా" అనేవాణ్ణి.

"అంతే అంటే ఎంత? దానికో హద్దుండదా?"

నాకు ఒళ్ళు మండేది. రోజంతా నిలబడి తీసేవాళ్ళం మేము, పకోడీ నమిలినంత తేలిగ్గా తీసిపారేసేది ఆవిడ. బావ మాత్రం కోప్పడేవాడు కాదు. అక్క చెప్పినవన్నీ బుద్ధిగా కాగితం మీద రాసుకుని మర్నాడు సెట్లో చెప్పేవాడు. ఆయన పోరు పడలేక ఒకసారి సెలైన్ సీసా మార్చారు. కెమెరాలో బాగా కనిపిస్తుందని కొత్త సీసాలో ఆకుపచ్చ రంగు కలిపారు. ఆ సాయంత్రం అక్క నవ్వీ నవ్వీ పక్క నొప్పి తెచ్చుకుంది.

అన్నిటికంటే ఆవిడ ఓర్చుకోలేనిది బావ పొట్ట. "కోమాలో ఉన్నవాడు చిక్కి శల్యమైపోతాడు. ఈయన ఆరు కిలోలు పెరిగాడు. మీ ఆసుపత్రిలో ఆ ట్యూబులోంచి ఏం పోస్తున్నారో చెప్పు, మా పేషెంట్లని కూడా పంపిస్తాను" అంది. బావ చిన్నబుచ్చుకుని పదిహేను రోజులు మధ్యాహ్నం భోజనం మానేశాడు. దానివల్ల పొట్ట తగ్గలేదు గానీ, హీరోయిన్ గుండె పగిలేలా ఏడుస్తున్న సీనులో ఆయన కడుపు గుర్రుమంది. టేక్ పోయింది. ఇంకోరోజు ఏకంగా నిద్రపోయి గురక పెట్టాడు. డైరెక్టరు ఒంటికాలి మీద లేచాడు. ఈ సంగతి విన్న అక్క "నిజానికి కోమాలో కొందరు గురక పెడతారు. మీ సీరియల్ మొత్తంలో సరిగ్గా ఉన్నది ఆ ఒక్క ముక్క. దాన్ని తీసిపారేశారా?" అని నిట్టూర్చింది.

కానీ ఒక్కటి చెప్పాలి. ఆ సెట్లో పనిని పనిలా చేసిన మనిషి మా బావ ఒక్కడే. నుదుటి కట్టు ఎడమ కన్నుకి వేలెడు పైన ఉండాలని గుర్తున్నది ఆయనకే. మేకప్ మనిషి కుడివైపు చుట్టబోతే కళ్ళు మూసుకునే "అటు కాదమ్మా" అనేవాడు. ఒకసారి ఈగ వచ్చి ముక్కు మీద వాలి నాలుగు నిమిషాలు కాపురం చేసింది. బావ రెప్ప కూడా ఆడించలేదు. నాలాంటివాడైతే ఆ ఈగ మీద పడి మంచం విరగ్గొట్టేవాడు.

ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడు, బావ వాళ్ళ నాన్న. ఎనభై నాలుగేళ్ళు. గడియారాలు బాగుచేసే పని. కంటికి అద్దం తగిలించుకుని యాభై ఏళ్ళు చిన్న చిన్న చక్రాల్లోకి చూసీ చూసీ చూపు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు వెలుతురు, నీడ తప్ప ఏదీ ఆనదు. చెవులు మాత్రం పాము చెవులు. ఏడింటికి టీవీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

"అమ్మాయ్, ఇప్పుడు మావాడు ఉన్నాడా?" అని అడిగేవాడు.

"ఉన్నారు మావయ్యగారూ."

"ఏం చేస్తున్నాడు?"

"పడుకున్నారు."

"ఇంకానా!"

ఇది రోజూ జరిగేది. కొడుకు టీవీలో ఉన్నాడని ఊరంతా అంటుంటే, ఆయనకు వినిపించేది మంచం పక్కనున్న గుండె మానిటర్ చప్పుడొక్కటే. కొన్నాళ్ళకు ఆ చప్పుడునే కొడుకుగా ఖాయం చేసుకున్నాడు. "ఇవాళ బాగానే ఉన్నాడు" అనేవాడు. ఒకరోజు నన్ను పిలిచి "ఒరేయ్ అబ్బాయ్, మావాడి గుండె నలభై ఏడో దెబ్బకి ఒకసారి తడబడుతోంది. మళ్ళీ నలభై ఏడుకి మళ్ళీ తడబడుతోంది. ఎవరికైనా చూపించండి" అన్నాడు. నేను నోరు వెళ్ళబెట్టాను. మా మానిటర్లో గుండే లేదు, ఏమీ లేదు. పెన్ డ్రైవులో చిన్న వీడియో ముక్క, అయిపోగానే మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ అతుకు సరిగ్గా నలభై ఏడో బీప్ దగ్గర ఉంది. ఇన్నేళ్ళ సౌండు పనిలో నేను పట్టుకోలేనిది ఆయన కుర్చీలో కూర్చుని పట్టుకున్నాడు.

అలా ఉండగా ఒకరోజు, సీరియల్ చూసేవాళ్ళు తగ్గిపోతున్నారని చానల్ వాళ్ళు కబురు పంపారు. ఏదైనా పెద్దది జరగాలన్నారు. ఉన్నవాటిలో పెద్దది మా బావ లేవడమే. డైరెక్టరు రాత్రికి రాత్రి సీను రాయించాడు. తండ్రి దిగ్గున లేచి కూర్చుంటాడు, వేలెత్తి తోసినవాణ్ణి చూపిస్తాడు, జరిగిందంతా ఉరుము ఉరిమినట్టు చెబుతాడు. మూడు పేజీల డైలాగు.

బావ ఆ మూడు పేజీలూ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాడు. తిన్నగా నాన్న దగ్గరికి వెళ్ళాడు.

"నాన్నా, నాకు మాటలిచ్చారు. చదివి వినిపించనా?"

పెద్దాయన "ఇక్కడొద్దురా" అన్నాడు. "ఇంట్లో నీ గొంతు పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. అందులోంచి రావాలి." అని టీవీ మీద చెయ్యి వేసి చూపించాడు. "అదొక్కటి వింటే చాలు నాకు. ఎప్పుడొస్తుంది?"

"వచ్చే శుక్రవారం నాన్నా."

"శుక్రవారం" అని పెద్దాయన తనలో తాను అనుకున్నాడు. ఆ వయసులో శుక్రవారం ఎంత దూరమో అందరికీ తెలుసు.

అక్క ఆ పూట ఊరుకుంటే బాగుండేది. కానీ పేజీలు చదివాక ఆవిడలోని నర్సు ఊరుకోలేదు. "ఏమండీ, ఇది జరగదు" అంది. "రెండేళ్ళు గొంతులో ట్యూబుతో ఉన్నవాడికి లేవగానే మాట రాదు. గాలొస్తుంది, దగ్గొస్తుంది. మనుషుల్ని గుర్తుపట్టడానికే రోజులు పడతాయి. వేలెత్తి చూపించడమేంటి, ఆ చేతికి చెంచా ఎత్తే సత్తువ కూడా ఉండదు. మూడు పేజీలట!"

బావ మొహం ఎర్రబడింది. పెళ్ళయిన ఇరవై ఐదేళ్ళలో ఆయన గొంతు లేవడం అదే మొదటిసారి. "నీ ఆసుపత్రి నీ దగ్గరే ఉంచుకో! సీసా తప్పన్నావు, మార్పించాను. పొట్ట తప్పన్నావు, తిండి మానేశాను. ముప్పై ఏళ్ళకి మూడు పేజీలొస్తే వాటి మీద కూడా నీ కన్ను పడాలా?"

మర్నాటి నుంచి బావ పెరట్లో డైలాగు వల్లె వేస్తుంటే, తడబడ్డ చోటల్లా అక్క వంటింట్లోంచి మాట అందించడం మొదలుపెట్టింది. రెండు రోజుల్లో ఆవిడకూ మొత్తం నోటికి వచ్చేసింది.

ఇంత జరుగుతుంటే నేను నీళ్ళు నములుతూ కూర్చున్నాను. ఎందుకంటే నాకొక సంగతి తెలుసు.

మా సీరియల్లో పదిహేను రోజులకొకసారి హీరోయిన్ తండ్రి మంచం పక్కన కూర్చుని, ఆయన ఒకప్పుడు రాసిన ఉత్తరం చదువుకుంటుంది. అప్పుడు తెర మీద తండ్రి గొంతు వినిపిస్తుంది. గంభీరంగా, బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. అది ఒక డబ్బింగ్ కళాకారుడిది. రికార్డు చేసింది నేనే. అంటే ఆ తండ్రి పాత్రకు గొంతు ఎప్పుడో ఖాయమైపోయింది. ఆ మనిషి లేచి మాట్లాడినా అదే గొంతుతో మాట్లాడాలి. బావ పెదాలు ఆడిస్తాడు, మాట ఆ కళాకారుడు చెబుతాడు. మా పనిలో ఇది మామూలు.

బావకి డబ్బింగు సంగతి తెలియక కాదు. మాట పలకడం రానివాళ్ళకే అది అవసరమని ఆయన లెక్క. ఉత్తరం గొంతుని ఆయన ఎప్పుడూ తన గొంతు అనుకోలేదు. పెద్దాయన ఒకసారి "ఎవరిదిరా ఆ గొంతు?" అని అడిగితే, "ఉత్తరం చదివేవాడు నాన్నా" అని చెప్పాడు. అంతే. నేను చెప్పాల్సింది. రోజూ చెబుదామనే వెళ్ళేవాణ్ణి. పెరట్లో ఆయన్ని, వంటింట్లో అక్కని, కుర్చీలో శుక్రవారాన్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్న పెద్దాయన్ని చూసి టీ తాగి వచ్చేసేవాణ్ణి. పిరికితనం, ఇంకేం కాదు.

షూటింగు రోజు వచ్చింది. రిహార్సల్‌లో బావ లేచి కూర్చుని మూడు పేజీలూ చెప్పాడు. నా చెవుల్లో హెడ్‌ఫోన్లున్నాయి. సన్నటి గొంతు, వాక్యం చివర కాస్త చీలుతుంది. ఒక్క మాట తప్పలేదు. లైట్ల వాళ్ళు చప్పట్లు కొట్టారు.

"అదరగొట్టారు బాబాయ్" అన్నాడు డైరెక్టరు. "పెదాలు మాత్రం కాస్త నిదానంగా కదపండి. మన డబ్బింగాయన బరువుగా చెబుతారు కదా, కలవాలి."

"ఏ డబ్బింగాయన?" అన్నాడు బావ.

"అదేంటి బాబాయ్, ఉత్తరాలకి చెప్పేది ఆయనేగా. ఇప్పుడు గొంతు మారిస్తే జనం ఒప్పుకుంటారా? మొదటి నుంచీ ఉన్నది ఉన్నట్టు ఉండాలి."

ఆకుపచ్చ సెలైన్ పక్కన నిలబడి చెప్పాడీ మాట. బావ నా వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు బావా" అన్నాను. తల ఎత్తలేకపోయాను.

ఆయన వెనక్కి వాలి, దుప్పటి గుండెల దాకా లాక్కుని కళ్ళు మూసుకున్నాడు. రెండేళ్ళలో అంత బాగా కోమాలోకి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. తిట్టినా బాగుండేది. సెట్లో అందరూ తలో పనిలో పడ్డారు. నేను మైకు సరిచేసే వంకతో మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఎంతసేపటికో, కళ్ళు తెరవకుండానే, బావ మెల్లగా అడిగాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, దగ్గు కూడా ఆయనే దగ్గుతాడా?"

ముందు నాకు అర్థం కాలేదు. "లేదు బావా. మాటలుంటేనే డబ్బింగు. ఉత్త దగ్గుకి, మూలుగుకి ఎవరూ ఆయన్ని పిలవరు. ఇక్కడ నా మైకులో పడిందే వెళ్ళిపోతుంది."

"అయితే మైకు దగ్గరగా పెట్టు" అన్నాడు. ఆ తర్వాత కళ్ళు తెరిచి, "సార్!" అని డైరెక్టర్ని కేకేశాడు. "ఇతను మాట్లాడలేడు సార్."

"ఎవరు బాబాయ్?"

"నేనే. ఈ పేషెంటు." అని మొదలుపెట్టి, గొంతులో ట్యూబు, గాలి, దగ్గు, చెంచా ఎత్తలేని చెయ్యి, అక్క చెప్పిందంతా పొల్లు పోకుండా అప్పజెప్పాడు. నాలుగు రోజుల కింద ఏ మాటల మీద విరుచుకుపడ్డాడో ఆ మాటలే. సిగ్గేమీ పడలేదు.

డైరెక్టరు నవ్వాడు. "రెండేళ్ళ నుంచీ ఏదీ అడగని జనం ఇప్పుడు ఇది అడుగుతారా?"

"మా ఇంట్లో అడుగుతారు సార్" అన్నాడు బావ. "అయినా నేను నోరు విప్పితే తోసిందెవరో తెలిసిపోతుంది. తెలిసిపోయాక మర్నాడు ఏం చూపిస్తారు?"

నోట్లో నాలుక లేదనుకున్న మనిషి! డైరెక్టరు నవ్వు ఆగిపోయింది. ఫోను తీసుకుని బయటికి వెళ్ళాడు. పావుగంట తర్వాత వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు. "బాబాయ్, మీరు మాట్లాడరు. ఇంకో రెండొందల ఎపిసోడ్లు మాట్లాడరు. చానల్ వాళ్ళు ఎగిరి గంతేశారు." మూడు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబు వైపు బావ చూసిన చూపు నేను చూశాను.

టేక్ మొదలైంది. బావ రెప్పలు రెండుసార్లు అదిరి తెరుచుకున్నాయి. ఎవరినీ చూడలేదు ఆ కళ్ళు. పెదాలు కదిలాయి. ముందు ఉత్త గాలి వచ్చింది. తర్వాత గరగరమని ఒక దగ్గు. ఆ దగ్గు చివర ఏదో మాట కాబోయి, కాలేక, తెగిపోయింది. డైరెక్టరు కట్ చెప్పడం మర్చిపోయాడు. హీరోయిన్‌కి కన్నీళ్ళ మందు వేయాల్సిన పని పడలేదు.

మా సీరియల్లో ఎవరి మొహం చూపించినా మూడుసార్లు ఉరుములు వేయడం ఆనవాయితీ. ఆ చోట ఉరుములు నేనే తీసేశాను. మానిటర్ చప్పుడు కూడా తగ్గించాను. అడగకుండా చేశాను, ఎవరూ ఏమీ అనలేదు.

శుక్రవారం పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆరున్నరకే కుర్చీలో కూర్చున్నాడు. డైలాగు పోయిందని ఆయనకు చెప్పొద్దన్నాడు బావ. నాన్న ముందుకు రాలేక గుమ్మం దగ్గరే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తెర మీద ఆయన కళ్ళు తెరిచాడో లేదో ప్రకటనలు వచ్చాయి.

పెద్దాయన ముందుకు వంగి "ఇది వాడేనా?" అన్నాడు.

"కాదు మావయ్యగారూ, సబ్బు" అంది అక్క.

ప్రకటనలు అయిపోయాయి. టీవీలోంచి ఆ గాలి, ఆ దగ్గు, ఆ తెగిన ముక్క వచ్చాయి. పెద్దాయన అరచెయ్యి పైకెత్తాడు.

"వాడే" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. అక్క నా భుజం పట్టుకుంది. ఆరువందల నలభై ఎపిసోడ్లు తప్పులు ఏరిన మనిషి "అచ్చం ఇలాగే ఉంటుందిరా" అంది, నాకొక్కడికే వినపడేలా.

తెర మీద హీరోయిన్ తండ్రిని పట్టుకుని కుదిపేస్తోంది. చెప్పండి నాన్నా, ఎవరు తోశారు నాన్నా అని ఒకటే అడుగుతోంది. పెద్దాయనకు కోపం వచ్చింది. "ఏయ్ పిల్లా! గొంతెండిపోయి వాడు చస్తుంటే ప్రశ్నలేంటి? ముందు కాసిని మంచినీళ్ళివ్వు వాడికి!" అని టీవీ మీద గట్టిగా కొట్టాడు.

"అప్పుడే నీళ్ళివ్వకూడదు మావయ్యగారూ, పొలమారుతుంది" అంది అక్క అలవాటుకొద్దీ. అంటూనే లేచి వంటింట్లోకి వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చింది. గుమ్మం దగ్గర బావ "నాన్నా" అనబోయాడు. మాట రాలేదు. అక్క గ్లాసు ఆయన చేతికిచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగేశాడు.

పెద్దాయన తల అటు తిప్పలేదు. చెవి మాత్రం అటే ఉంది.

"తాగాడా?" అన్నాడు.

"తాగారు మావయ్యగారూ."